మహాబలిపురం దీపస్తంభం - మన విజ్ఞానయాత్ర

దేశాటనం విద్యలో ఒక భాగమని పెద్దలు చెప్పిన మాటను మనము ప్రతి సంవత్సరమూ వింటూనే ఉన్నాము. అయినను కళాశాలలో విహారయాత్ర ప్రస్తావన రాగానే రెండు అభిప్రాయాలు ఎదురెదురుగా నిలుస్తాయి. యాత్ర అంటే ఆటపాటలు, ఫలహారాలు, ఫోటోలు తప్ప మరేమీ లేదనీ, ఆ డబ్బుతో గ్రంథాలయానికి నాలుగు మంచి పుస్తకాలు కొనవచ్చుననీ కమిటీలో కొందరు పెద్దలు అంటారు. ఏడాది పొడుగునా నాలుగు గోడల మధ్య కూర్చునే మాకు రెండు రోజుల విహారం కూడా బరువైనదా అని విద్యార్థులు అడుగుతారు. ఈ రెండు వాదాలలోనూ ఒకే లోపం ఉన్నదని మా అభిప్రాయం. ఉభయులూ యాత్రను కాలక్షేపంగానే ఎంచుతున్నారు. ఆ కాలక్షేపం దండుగ అని ఒకరు, అది మా హక్కు అని మరొకరు వాదిస్తున్నారు. యాత్ర కూడా పాఠం కాగలదని మాత్రం ఎవరూ అనడం లేదు. మహాబలిపురంలోని దీపస్తంభాన్ని చూచి వచ్చిన తరువాత, ఈ విషయమై మా అభిప్రాయాన్ని పాఠకుల ముందు ఉంచడం అవసరమని తోచి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

చెన్నైకి దక్షిణంగా సుమారు 55 కిలోమీటర్ల దూరంలో, బంగాళాఖాతపు ఒడ్డున మహాబలిపురం ఉన్నది. తమిళులు దీనిని మామల్లపురం అంటారు. ఏడు, ఎనిమిది శతాబ్దాలలో పల్లవరాజులు ఇక్కడి బండలను తొలిపించి రథాలు, గుహాలయాలు, శిల్పాలు చెక్కించారు. కడలి ఒడ్డున నిలిచిన ఆలయంతో సహా ఈ కట్టడాలన్నిటినీ 1984లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చినది. పల్లవులు తెలుగువారికి పరాయివారు కారు. వారి తొలి శాసనాలలో ఒకటి గుంటూరు ప్రాంతపు మంచికల్లులో లభించినది. యాత్రికులు రథాలను చూస్తారు, గంగావతరణ శిల్పం ముందు నిలబడతారు, వాలుబండ మీద జారిపోకుండా నిలిచిన పెద్ద గుండును చేతులతో నెట్టుతున్నట్లు ఫోటో తీయించుకుంటారు. మా ఆలోచనను ఎక్కువసేపు పట్టి నిలిపినది మాత్రం వీటి వెనుక ఉన్న రాతిగుట్ట, దాని మీద నిలిచిన దీపస్తంభం.

తెలుగులో దీపస్తంభం అన్నా, వాడుకలో లైట్‌హౌసు అన్నా ఒకటే. ఉర్దూలో దానిని 'రోష్నీ కా మీనార్' అంటారు. మీనార్ అన్న మాటకు మూలం అరబ్బీలోని 'మనార్'. వెలుగు అనే అర్థమిచ్చే 'నూర్'కు ఏ ధాతువు మూలమో దీనికీ అదే మూలం. కాబట్టి మనార్ అంటే వెలుగు ఉండే చోటు అని అర్థం. చార్మినార్ పేరును ప్రతిదినమూ పలికే మనలో ఎంతమందికి ఆ పేరులో ఒక దీపం దాగి ఉన్నదని తెలుసు? మన సంచికలో ఉర్దూ పుటలు కుడి అట్ట నుంచి, తెలుగు పుటలు ఎడమ అట్ట నుంచి మొదలై మధ్యలో కలుసుకుంటాయి. ఈ ఒక్క మాట దగ్గర కూడా ఆ రెండు భాషలూ అట్లే కలుసుకుంటున్నవి.

అరబ్బు యాత్రికులు మనార్ అని పిలిచిన వాటిలో ప్రసిద్ధమైనది ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దీపస్తంభం. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో కట్టిన ఆ స్తంభం 100 మీటర్లకు పైగా ఎత్తు ఉండేదని చరిత్రకారుల అంచనా. వెయ్యి సంవత్సరాలకు మించి నిలిచిన ఆ కట్టడాన్ని భూకంపాలు క్రమంగా కూల్చినవి. ఇబ్న్ బతూతా 1326లో దానిని చూచినప్పుడు ఒక ముఖం శిథిలమై ఉన్నది. 1349లో మళ్లీ వచ్చి చూడగా లోపలికి పోవడానికే వీలు లేకపోయినదని ఆయన తన యాత్రాగ్రంథంలో చెప్పాడు. 1477లో సుల్తాను ఖైత్‌బే అదే స్థలంలో ఒక కోటను కట్టించాడు. పడిపోయిన స్తంభపు రాళ్లలో కొన్ని ఆ కోట గోడలలో కలిసిపోయినవి.

మహాబలిపురంలో జరిగినది వేరు. అక్కడి గుట్ట మీద ఉన్న దీపస్థానాలు రెండు. మహిషాసురమర్దిని గుహకు నెత్తిన, పెద్ద బండ మీద ఒలక్కణ్ణేశ్వరాలయం ఉన్నది. అది పల్లవుల నాటి కట్టడం. శిఖరం ఏనాడో పోయినది. గోడలు, చదునైన కప్పు మిగిలినవి. పల్లవుల కాలంలోనే ఆ ఎత్తున నిప్పు వెలిగించి ఓడలకు తీరం చూపేవారని చెప్పుకుంటారు. 1887లో ఆంగ్ల ప్రభుత్వం ఆ ఆలయపు కప్పు మీదనే ఓడల కోసం దీపాన్ని అమర్చినది. తరువాత దానికి చేరువలోనే రాతితో గుండ్రని స్తంభాన్ని నిర్మించి, 1904 నుంచి అక్కడ దీపం వెలిగించారు. ఆ స్తంభం ఎత్తు 26 మీటర్లు. పురాతనమైన ఆలయాన్ని దీపపు దిమ్మెగా వాడుకొనడం గౌరవప్రదమైన పని అని మేము అనము. కాని కొత్త స్తంభం లేచిన తరువాత పాత కట్టడాన్ని పడగొట్టి రాళ్లు ఎత్తుకొని పోలేదు. నేడు ఆలయం పురావస్తుశాఖ రక్షణలో ఉన్నది, దీపం స్తంభంలో ఉన్నది. రెండూ ఒకే గుట్ట మీద, ఒకదానికొకటి అడ్డు రాకుండా నిలిచి ఉన్నవి.

మన ఊళ్లలో పాత బావులు, బురుజులు, సరాయిలు, పాత బడి భవనాలు కొత్త కట్టడాల కోసం మాయమవుతున్నవి. పాతది పోతే తప్ప కొత్తది రాదన్నట్లు మనము మాట్లాడుతున్నాము. అలెగ్జాండ్రియాలో భూకంపం కూల్చినది, అది దైవికం. మనము కూల్చుతున్నవాటికి ఆ సాకు కూడా లేదు. కొత్తదానికి పాతదాని పక్కనే చోటు చూపవచ్చునని మహాబలిపురం గుట్ట నూరేళ్లకు పైబడి నిరూపిస్తున్నది. చరిత్ర తరగతిలో ఒక గంటసేపు చెప్పినా మనసుకు పట్టని ఈ సంగతి, అక్కడ నిలబడి రెండు కట్టడాలనూ ఒకే చూపులో చూచినప్పుడు పట్టుతుంది.

భద్రతా కారణాల వల్ల కొన్నేళ్లు మూసి ఉంచిన ఈ స్తంభాన్ని 2011లో సందర్శకులకు మళ్లీ తెరిచారు. లోపలి మెట్లు ఇరుకైనవి. పైకి చేరిన తరువాత ముందుగా తగిలేది గాలి, తరువాత కనిపించేది ఆ ప్రదేశపు నిజమైన స్వరూపం. తూర్పున ఎల్లలు లేని సముద్రం. ఒడ్డున ఆలయం అరచేతిలో పెట్టుకొనదగినంత చిన్నదిగా కనిపిస్తుంది. తీరం వెంట సరుగుడు తోటలు, వాటి మధ్య జాలరుల పాకలు, ఇసుక మీద వరుసగా పడవలు. దక్షిణాన దూరంగా కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం. కాళ్ల కింద గుట్టంతా బోడి బండలు. వాటి పగుళ్లలో వేళ్లూనిన చెట్లు.

పడమటి వైపు సన్నగా మెరిసేది బకింగ్‌హాం కాలువ. దానిని చూచినప్పుడు మాకు కలిగిన ఆత్మీయత చెప్పతగినది. అది కృష్ణా గోదావరి డెల్టాల కాలువలతో కలిసి కాకినాడ నుంచి చెన్నై మీదుగా ఇంకా దక్షిణానికి సాగిన జలమార్గం. చెన్నై నగరంలో దాని కొంత భాగాన్ని 1877-78 కరువు రోజులలో ఆకలితో ఉన్న కూలీల చేత తవ్వించారు. ఉప్పు, కట్టెలు, ధాన్యం మోసిన పడవలు ఆ నీటి మీద ప్రయాణించినవి. కింద నిలబడి చూస్తే అది ఒక మురికి కాలువ. పైనుంచి చూస్తే మన తెలుగు తీరాన్నీ ఆ తమిళ తీరాన్నీ కుట్టిన దారం.

సముద్రం ఎప్పుడూ చల్లగానే ఉండదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, అలలు విరుచుకుపడక ముందు నీరు వెనుకకు తగ్గగా, అంతవరకూ మునిగి ఉన్న రాళ్ల వరుస కొంతసేపు బయటపడినదని చూచినవారు చెప్పారు. అలలు ఇసుకను కోసివేసిన చోట పల్లవుల నాటి శిల్పాలు వెలికి వచ్చినవి. తరువాత సమీపంలోని సాలువన్‌కుప్పంలో జరిపిన తవ్వకాలలో పురాతనమైన ఇటుక ఆలయపు పునాదులు బయటపడినవి. ప్రాణాలు తీసిన సముద్రమే చరిత్రలో ఒక పుటను తెరిచినది. తీరప్రాంతపు చరిత్రను సముద్రాన్ని విడిచి చదవలేమనడానికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావలెను?

ఇక విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఆ స్తంభమే ఒక ప్రయోగశాల. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల సమతలంలో దీపం ఎంత ప్రకాశవంతమైనదైనా దూరపు ఓడకు కనిపించదు. 26 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే దిగంతం సుమారు 18 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. గుట్ట ఎత్తు కూడా తోడైతే ఆ దూరం ఇంకా పెరుగుతుంది. అందుకే దీపస్తంభానికి ఎత్తైన తావు వెదుకుతారు. రెండవది, దీపపు కాంతి నలుదిక్కులకూ చెదిరిపోతే ఓడకు చేరేది అత్యల్పం. 1822లో ఫ్రాన్సు దేశీయుడైన ఫ్రెనెల్, గాజు పట్టకాలను వలయాలుగా పేర్చి చెదిరే కాంతిని ఒకే దిశకు మళ్లించే కటకాన్ని రూపొందించాడు. అంతకు 800 సంవత్సరాల ముందే ఇబ్న్ అల్ హైతమ్ 'కితాబ్ అల్ మనాజిర్' అనే గ్రంథంలో కాంతి పరావర్తన, వక్రీభవనాలను పరిశీలించి, వస్తువుల నుంచి వచ్చే కాంతి కంటిలో ప్రవేశించడం వల్లనే చూపు కలుగుతుందని చెప్పాడు. మూడవది, ప్రతి దీపస్తంభానికీ తనదైన మినుకు ఉంటుంది. ఇన్ని సెకండ్లకు ఇన్నిసార్లు వెలగవలెనని నిర్ణయించి ఉంటుంది. నావికుడు ఆ లెక్కను బట్టి తాను ఏ తీరానికి ఎదురుగా ఉన్నాడో గుర్తిస్తాడు. వెలుగు ఉంటే చాలదు, ఆ వెలుగు ఎవరిదో తెలియవలెను.

వెలుగు గురించి మరొక సంగతి, అందరూ విని తీరవలసినది, ఆ తీరపు ఇసుకలో ఉన్నది. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ జాతి సముద్ర తాబేళ్లు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుంట చేసి, ఒక్కొక్కటి నూరు గుడ్ల వరకు పెట్టి వెళ్లిపోతవి. మన ఆంధ్రతీరంలో కూడా ఇవి గుడ్లు పెడతాయి. సుమారు 45 నుంచి 55 రోజులకు పిల్లలు పైకి వచ్చి, ఏ దిక్కు ఎక్కువ వెలుగుగా ఉంటే ఆ దిక్కుకు పాకుతాయి. ప్రకృతి నియమం ప్రకారం అది నక్షత్రాల వెలుగును ప్రతిఫలించే సముద్రపు దిక్కు. కాని ఒడ్డున హోటళ్లు, విడిది గృహాలు, వీధిదీపాలు వెలిగినప్పుడు పిల్లలు సముద్రానికి వీపు తిప్పి రోడ్డు వైపు పాకి, కుక్కల పాలో, చక్రాల పాలో, ఎండ పాలో అవుతున్నవి. ఎత్తున ఉండి దూరపు ఓడకు దారి చూపే దీపం ప్రాణం నిలుపుతున్నది. అదే తీరాన, అక్కరలేని చోట, అక్కరలేని వేళ ఇసుకపై కుమ్మరించిన దీపం ప్రాణం తీస్తున్నది. ఎక్కడ వెలిగించవలెనో తెలిసినంత మాత్రాన చాలదు. ఎక్కడ ఆర్పవలెనో కూడా తెలిసి ఉండవలెను.

ఈ విషయంలో చెన్నై విద్యార్థులు మనకు ఆదర్శం. 1988 నుంచి అక్కడ స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్సర్వేషన్ నెట్‌వర్క్ అనే విద్యార్థి సంస్థ పనిచేస్తున్నది. తాబేళ్ల కాలంలో రాత్రులు కిలోమీటర్ల కొద్దీ ఇసుకలో నడిచి, గుడ్లను సేకరించి, రక్షిత స్థలంలో పొదిగించి, పిల్లలను కడలిలో విడుస్తున్నారు. ఒడ్డు దీపాలను ఆ కాలంలో ఆర్పించవలసినదని అధికారులను కోరుతున్నారు. అయినను చేపల వలలలో చిక్కుకొని ఎన్నో తాబేళ్లు ఇంకా చనిపోతున్నవి. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల సంఖ్యలో తాబేళ్ల కళేబరాలు కొట్టుకొని వచ్చినవి. పని ముగియలేదు. కాని ఒక తరం విద్యార్థులు చదువు ముగించి వెళ్లిపోగా మరొక తరం ఆ నడకను అందుకొంటున్నది. యాత్రను కాలక్షేపంగా ఎంచే మనము ఈ నడకను ఏమని పిలువవలెను?

దీపస్తంభానికి కూడా కాలం మారినది. ఉపగ్రహాల సాయంతో తన స్థానాన్ని క్షణంలో తెలుసుకొనే ఓడకు తీరపు దీపం అంతగా అవసరం లేదని కొందరు అంటారు. యంత్రం చెడినప్పుడు కంటికి కనిపించే దీపమే దిక్కని మరికొందరు అంటారు. 1927 నాటి దీపస్తంభాల చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చినది. వారసత్వ విలువ గల దీపస్తంభాలను గుర్తించి కాపాడడానికి అందులో అవకాశం కల్పించారు. ఇది మంచి మాట. కాని చట్టం కాపాడేది రాతిని మాత్రమే. ఆ రాతి విలువను తెలుసుకొనే మనుషులను తయారుచేయవలసినవి విద్యాలయాలు.

ఈ మాట కఠినంగా చెప్పవలసి రావడానికి కారణం ఉన్నది. మహాబలిపురం బండల మీద మేము చూచిన వాటిలో పల్లవులు చెక్కని అక్షరాలు కూడా ఉన్నవి. ఎవరెవరో మేకుతో గీకిన పేర్లు, తేదీలు, హృదయాకారాలు. వాటిలో తమిళం ఉన్నది, ఇంగ్లీషు ఉన్నది, మన తెలుగూ ఉన్నది. శిల్పం చెక్కినవాడు తన పేరు వ్రాసుకొనలేదు. ఏమీ చెక్కనివాడు తన పేరు గీకి పోయినాడు. గుట్ట కింద ప్లాస్టిక్ సీసాలు, పొట్లాల కాగితాలు. ఇవి విసిరినవారు చదువురానివారని అనుకొనడానికి వీలులేదు. బస్సులు దిగినవారిలో ఎక్కువమంది విద్యార్థులే. యాత్రను పాఠంగా కాక కాలక్షేపంగా నేర్పినందుకు ఫలితం ఇదే. కాబట్టి యాత్ర దండుగ అనే పెద్దల మాటలో కొంత నిజం లేకపోలేదని విద్యార్థులు ఒప్పుకొనవలెను. ఐతే దానికి మందు యాత్రను మానివేయడం కాదనీ, యాత్రను చక్కదిద్దడమే మందు అనీ పెద్దలు ఒప్పుకొనవలెను.

అందుకు మేము చేయు సూచనలు కొద్దిపాటివి. యాత్రకు ముందు చరిత్ర, భౌతికశాస్త్ర, జంతుశాస్త్ర అధ్యాపకులు ఒక్కొక్క గంట ఆ స్థలం గురించి చెప్పవలెను. తిరిగి వచ్చిన తరువాత ప్రతి విద్యార్థీ ఒక చిన్న నివేదిక వ్రాయవలెను. ఉర్దూలో వ్రాసినవారి నివేదికను తెలుగు విద్యార్థి, తెలుగులో వ్రాసినవారి నివేదికను ఉర్దూ విద్యార్థి తన భాషలోకి తీసుకొని రావలెను. ఒకే గుట్టను చూచి వచ్చిన రెండు తరగతులు ఒకరి చూపును ఒకరు తెలుసుకొనడానికి ఇంతకంటె మార్గం లేదు. పేద విద్యార్థి రుసుము చెల్లించలేక ఇంటి వద్ద ఉండిపోకుండా కమిటీవారు కొంత నిధి కేటాయించవలెను. స్తోమత గలవారు మాత్రమే చూచి వచ్చే యాత్ర కళాశాల యాత్ర అనిపించుకొనదు.

మరొక ముఖ్య విషయం బాలికలది. దూరయాత్ర అనగానే వారి పేర్లు జాబితా నుంచి తొలగిపోవడం అలవాటైపోయినది. తల్లిదండ్రుల ఆందోళనను మేము తేలికగా తీసుకొనము. అధ్యాపికలు వెంట ఉండి, బస, ప్రయాణపు వేళలు ముందుగా ఇంటివారికి తెలిపి, వారి సమ్మతి పొందినచో ఆ ఆందోళనకు చాలవరకు సమాధానం దొరుకుతుంది. పరీక్షలలో ముందు నిలిచేవారిని మెట్ల దగ్గర మాత్రం ఆపడం న్యాయం కాదు.

ప్రతిసారీ చెన్నైకే పోవలెనని కూడా మేము అనము. విజయనగరం జిల్లాలో చింతపల్లి దగ్గర, ఆంగ్లేయులు శాంతపిల్లి అని పిలిచిన చోట, సముద్రంలోని బండలకు ఓడలు తగులకుండా 1847లోనే గుట్ట మీద దీపం నిలిపారు. గోల్కొండ సుల్తానుల కాలంలో పర్షియాకు, ఎర్ర సముద్రపు రేవులకు ఓడలు నడిచిన మచిలీపట్నం మనదే. 1864 తుపానులో వేలాది ప్రాణాలను పోగొట్టుకొన్న ఊరు కూడా అదే. తీరానికి దూరంగా ఉన్న మన జిల్లా విద్యార్థికి సముద్రం పాఠ్యపుస్తకంలోని నీలిరంగు పట్టీ మాత్రమే. ఆ పట్టీ మీద ఎవరు బ్రతుకుతున్నారో, ఎవరు దారి తప్పుతున్నారో, ఎవరి దీపం ఎవరిని కాపాడుతున్నదో ఒక్కసారి కంటితో చూచినవాడు దానిని మరువలేడు.

వచ్చే విద్యాసంవత్సరపు అంచనా పట్టీలో యాత్ర పద్దును తొలగించే ప్రతిపాదన వచ్చినచో, దానికి ముందు ఈ సూచనలను ఒక్క సంవత్సరం అమలు జరిపి చూడవలసినదని కమిటీవారికి మా విన్నపం. ఆ సంవత్సరం విద్యార్థులు వ్రాసి తెచ్చిన నివేదికలను చదివి, ఆ తరువాతనే పద్దు ఉంచవలెనో తీయవలెనో నిర్ణయింతురు గాక. ఆ నివేదికలు చదువదగినవిగా ఉండేటట్లు చూచే బాధ్యత విద్యార్థులమైన మనది.